సైకాలజీలో రీసెర్చ్ ఆనర్స్ ఏడాదిని తిరుపతిలో నెట్టుకురావడం ఎలా

ఆరో సెమిస్టర్ పరీక్షలు అయిపోగానే బాలాజీ కాలనీలో టీ తాగుతూ "నాలుగో ఏడాది చేద్దామా, మానేద్దామా" అని ఎవరో ఒకరు నాకు ఫోన్ చేస్తారు. ప్రతి ఏడూ ఇదే వరస. ఫోన్లో చెప్పి చెప్పి విసుగొచ్చి ఒకసారి రాసి పెడుతున్నా, నేను చేసిన తప్పులతో సహా.

ముందు లెక్క చూసుకోండి

యూజీసీ 2022 డిసెంబర్‌లో ఇచ్చిన ఫ్రేమ్‌వర్క్ ప్రకారం మూడేళ్ల డిగ్రీకి 120 క్రెడిట్లు, నాలుగేళ్లదానికి 160. నాలుగో ఏడాదిలో రెండు దార్లున్నాయి, ఒకటి మామూలు ఆనర్స్, ఇంకోటి రీసెర్చ్‌తో ఆనర్స్. రెండోదానికి మొదటి ఆరు సెమిస్టర్లలో కలిపి 75 శాతం ఉండాలి. అందులో 12 క్రెడిట్లు మీ రీసెర్చ్ ప్రాజెక్టుకే పోతాయి, మామూలు ఆనర్స్ వాళ్లు దాని బదులు మూడు పేపర్లు చదువుకుంటారు. 74.6 వచ్చి "రౌండ్ చేస్తార్లే" అనే నమ్మకంతో వేసవంతా నిద్రపోయిన వాళ్లు నాకు తెలుసు, మీరు మాత్రం మార్కుల మెమోలన్నీ ముందేసుకుని కూర్చుని లెక్క కట్టుకోండి.

రెండో లెక్క డిపార్ట్‌మెంట్‌ది. రీసెర్చ్ ఆనర్స్ పెట్టాలంటే పీహెచ్‌డీ గైడ్‌షిప్ ఉన్న పర్మనెంట్ అధ్యాపకులు కనీసం ఇద్దరు ఉండాలని యూజీసీ మార్గదర్శకాల్లో ఉంది. ఎస్వీయూలోనో మహిళా యూనివర్సిటీలోనో చేరాలనుకున్నా, ఊళ్లోని డిగ్రీ కాలేజీలోనే ఉండిపోవాలనుకున్నా, "ఇక్కడ సైకాలజీలో రీసెర్చ్ ఆనర్స్ ఉందా, ఉత్త ఆనర్సేనా" అని ఆఫీసులో సూటిగా అడగండి, వీలైతే కాగితం మీద అడగండి. ఫ్రెండ్ చెప్పాడు, వాట్సాప్‌లో వచ్చింది, అలాంటివి పనికిరావు.

ఎందుకు చేయాలి అంటారా? 75 శాతంతో నాలుగేళ్ల డిగ్రీ పూర్తి చేస్తే పీజీ లేకుండానే పీహెచ్‌డీకి ప్రయత్నించొచ్చు, దానికోసం నెట్ కూడా రాయొచ్చు. పీజీనే చేయాలనుకుంటే, యూనివర్సిటీ పెట్టినచోట ఏడాదిలో అయిపోతుంది. ఇంట్లో మాత్రం ముందే ఒక మాట చెప్పండి, ఇది చేసినంత మాత్రాన క్లినికల్ సైకాలజిస్ట్ అయిపోరు. దానికి రీహాబిలిటేషన్ కౌన్సిల్ గుర్తింపు ఉన్న కోర్సు వేరే చేయాలి, అక్కడ రిజిస్టర్ అవ్వాలి. మా నాన్న పెళ్లిళ్లలో కనబడిన ప్రతివాళ్లకీ "మావాడు మనసు డాక్టర్" అని చెప్పి నన్ను ఇరికించాడు. నాలుగు నెలల పాటు బంధువులంతా నిద్రమాత్రలు రాసిమ్మని అడిగారు.

గైడ్ దగ్గరికి ఖాళీ చేతులతో పోకండి

గైడ్‌ని చూసుకోవడం సంబంధం చూసుకున్నట్టే అని మా సీనియర్ అక్క అనేది. నేనంత దూరం పోను గానీ తొందరపడకూడదు అన్నది మాత్రం నిజం. పేరున్న ప్రొఫెసరే కావాలి అనుకుంటారు చాలామంది. ఆయన దగ్గర పీహెచ్‌డీ వాళ్లే వరసలో ఉంటే మీ వంతు ఎప్పుడొస్తుంది? వారానికి ఒక ఇరవై నిమిషాలు మీ కాగితం చదివే వాళ్లు కావాలి, అంతే. వాళ్ల దగ్గర చేసిన పీజీ వాళ్లని ఇద్దర్ని పట్టుకుని "డ్రాఫ్ట్ ఇస్తే ఎన్నాళ్లకి తిరిగిస్తారు" అని అడగండి.

వెళ్లేటప్పుడు ఒక పేజీ తీసుకెళ్లండి. పైన మీ ప్రశ్న, కింద ఎవరిని అడుగుతారు, ఏ స్కేల్ (మనసులోదాన్ని కొలిచే ప్రశ్నల పట్టిక) వాడతారు, ఎప్పటికి పూర్తి చేస్తారు. ఆ పేజీ మొత్తం తప్పుల తడకైనా ఫర్వాలేదు, "సార్, ఏదైనా టాపిక్ ఇవ్వండి" అని చేతులు కట్టుకుని నిలబడే వాళ్లకన్నా మీరు వంద మెట్లు పైన ఉంటారు. కలిసొచ్చిన ప్రతిసారీ ఆ రోజు ఏం అనుకున్నారో నాలుగు లైన్లు మెయిల్ పెట్టండి. మర్యాద కోసం చెప్పట్లేదు, మూడు నెలల తర్వాత "ఈ వేరియబుల్ నేనెప్పుడు పెట్టమన్నాను" అంటే చూపించడానికి ఒకటి ఉండాలి కదా.

ప్రశ్న చిన్నదైతేనే ఏడాదిలో తెగుతుంది

నేను మొదట రాసుకున్న టైటిల్ "తిరుపతి యువత మానసిక ఆరోగ్యంపై సోషల్ మీడియా ప్రభావం". మా గైడ్ మేడమ్ చదివి, కళ్లజోడు తీసి, "ఏ యువత? ఏ మీడియా? ఏ ఆరోగ్యం? ప్రభావం అని ఎట్లా తెలిసింది నీకు, ప్రయోగం చేస్తున్నావా?" అని నాలుగు ప్రశ్నలేసింది. నాలుగింటికీ నా దగ్గర జవాబు లేదు. చివరికి ఆ టైటిల్ ఇలా తేలింది: హాస్టల్లో ఉండే డిగ్రీ అమ్మాయిలూ అబ్బాయిలూ పడుకునే ముందు గంటలో ఫోన్ ఎంతసేపు చూస్తారు, వాళ్ల నిద్ర ఎలా ఉంది, తమ మీద తమకెంత విలువుంది, ఈ మూడింటికీ ఏమైనా సంబంధం ఉందా. వినడానికి చప్పగా ఉంది కదూ, కానీ ఏడాదిలో పూర్తయింది.

మన ఊళ్లో ప్రశ్నలకు కరువు లేదు. అలిపిరి దగ్గర 3,550 మెట్లు ఎక్కబోయే వాళ్ల ముఖాలు చూడండి, క్యూలో గంటల తరబడి కూర్చున్న వాళ్లని చూడండి, సైకాలజీ అక్కడే కనబడుతుంది. 2012లో ప్లాస్ వన్ పత్రికలో ఒక పరిశోధన వచ్చింది. అలహాబాద్ మాఘమేళాలో నెలపాటు గంగ ఒడ్డున ఉండే యాత్రికులనీ, మేళాకు పోకుండా ఇంటి దగ్గరే ఉన్నవాళ్లనీ ముందూ తర్వాతా అడిగి చూశారు. చలి, రద్దీ, మైకుల గోల మధ్య ఉండొచ్చినా మేళాకి వెళ్లినవాళ్లే తమ మనసు, ఒళ్లు మెరుగ్గా ఉన్నాయని చెప్పుకున్నారు. అది చదివితే మనకీ కొండ మీద అలాంటిది చేయాలనిపిస్తుంది, నాకూ అనిపించింది. కానీ కొండ మీద క్వశ్చనీర్ పంచాలంటే దేవస్థానం అనుమతి కావాలి, అది ఎప్పుడొస్తుందో మీ చేతిలో ఉండదు. మీ దగ్గరున్నది రెండు సెమిస్టర్లు. ఆ ఆలోచనని పీహెచ్‌డీకి దాచుకోండి, ఇప్పటికి మీరు నడిచి వెళ్లగలిగే చోట దొరికే మనుషుల్ని పట్టుకోండి.

చదవడం గురించి ఎక్కువ చెప్పను. గూగుల్ స్కాలర్ ఉంది, మన యూనివర్సిటీల పాత థీసిస్‌లు శోధ్‌గంగ సైట్లో ఉచితంగా దొరుకుతాయి. పాతిక పేపర్లు గట్టిగా చదివి, ఎవరిని అడిగారు, ఏ స్కేల్, ఏం తేలింది, ఏం వదిలేశారు అని ఎక్సెల్లో నాలుగు కాలమ్స్ పెట్టుకుంటే చాలు. చాట్‌బాట్‌ని అడిగి రిఫరెన్సులు తెచ్చుకుంటే మాత్రం ఒక్కొక్కటీ తెరిచి చూసుకోండి. అందులో కొన్ని అసలు భూమ్మీదే ఉండవు, వైవాలో అది బయటపడితే తల ఎక్కడ పెట్టుకోవాలో తెలీదు.

స్కేల్‌ని తెలుగు చేయడం, నేను బోర్లా పడింది ఇక్కడే

ఈ భాగం మెల్లగా చదవండి, ఏడాది మొత్తానికి ఇదే ప్రాణం.

ముందు ఆ స్కేల్ వాడుకోవడానికి మీకు హక్కుందో లేదో చూడండి. బెక్ డిప్రెషన్ ఇన్వెంటరీ లాంటివి డబ్బు పెట్టి కొనాలి, సీనియర్ ఇచ్చిన జిరాక్స్ వాడితే అది దొంగతనమే. డిప్రెషన్‌నే తొమ్మిది ప్రశ్నలతో కొలిచే పీహెచ్‌క్యూ-9 లాంటివి ఉచితం, దానికి తెలుగు రూపం కూడా ముందే ఉంది. తెలుగు లేని స్కేల్ అయితే 1970లో బ్రిస్లిన్ అనే పరిశోధకుడు చెప్పిన బ్యాక్ ట్రాన్స్‌లేషన్ పద్ధతి ఉంది. ఒకరు ఇంగ్లీషు నుంచి తెలుగులోకి మార్చాలి, అసలు స్కేల్ చూడని ఇంకొకరు ఆ తెలుగుని మళ్లీ ఇంగ్లీషులోకి మార్చాలి, రెండు ఇంగ్లీషులనీ పక్కపక్కన పెట్టి తేడాలు చూడాలి.

నేను రోజెన్‌బర్గ్ ఆత్మగౌరవం స్కేల్ తీసుకున్నా. 1965 నాటిది, పదే వాక్యాలు, ఐదు అనుకూలం, ఐదు వ్యతిరేకం. ఇంత చిన్నదానికి బ్యాక్ ట్రాన్స్‌లేషన్ ఎందుకులే అని ఒక రాత్రి కూర్చుని నేనే తెలుగు చేసేశా. అందులో ఒక వాక్యాన్ని "గర్వపడటానికి నాలో పెద్దగా ఏమీ లేదు" అని రాశా. ఇంగ్లీషులో ఆ వాక్యానికి ఒప్పుకుంటే తనని తాను తక్కువ చేసుకున్నట్టు లెక్క. మన దగ్గర "వాడికి గర్వం" అంటే తిట్టు. గర్వం లేదు అని చెప్పుకోవడం సంస్కారం. ఏమైంది? మంచి ఆత్మవిశ్వాసం ఉన్న పిల్లలు కూడా బుద్ధిమంతుల్లా "ఒప్పుకుంటాను" అని టిక్ పెట్టారు. నేను కొలిచింది ఆత్మగౌరవం కాదు, వినయం.

ఇంకో గొడవ వ్యతిరేక వాక్యాలతో. "నేను దేనికీ పనికిరాననిపిస్తుంది" అని రాసి పక్కన "అంగీకరించను" అని గడి పెడితే కాదు మీద కాదు పడుతుంది. పుత్తూరు వైపు నుంచి వచ్చిన ఒక పిల్లోడు పెన్ను పట్టుకుని చాలాసేపు చూసి, "అన్నా, నేను పనికొస్తానని చెప్పాలంటే ఎక్కడ కొట్టాలన్నా?" అని అడిగాడు. ఆ ఒక్క ప్రశ్న పైలట్‌లో, అంటే ముందు కొద్దిమందితో చేసే ట్రయల్లో, విని ఉంటే నా రెండు నెలలు మిగిలేవి. నేను పైలట్ చేయలేదు. నూరుకు పైగా ఫారాలు నిండాక చూస్తే క్రోన్‌బాక్ ఆల్ఫా (స్కేల్లోని వాక్యాలన్నీ ఒకే విషయాన్ని కొలుస్తున్నాయా అని చెప్పే అంకె) కావాల్సిన 0.70 దరిదాపులకు కూడా రాలేదు. మళ్లీ మొదట్నుంచి.

కాబట్టి మీరు చేయాల్సింది ఇది. ఇరవై ముప్పై మందితో పైలట్ చేయండి, అందులో ఐదారుగురిని పక్కన కూర్చోబెట్టుకుని ఒక్కో వాక్యం చదివించి "దీన్ని నీ మాటల్లో చెప్పు" అనండి. వాళ్ల మాట మీ మాటకంటే తేటగా ఉంటే మొహమాటం లేకుండా అదే రాసుకుని గైడ్‌కి చూపించండి. ఒత్తిడి స్కేల్ పెడుతున్నారనుకోండి, "ఒత్తిడికి లోనవడం" అనే మాట పేపర్లో ఉంటుంది గానీ హాస్టల్లో ఎవరూ అనరు, అక్కడ అందరికీ ఉండేది టెన్షన్. గడుల పేర్లు "పూర్తిగా ఏకీభవిస్తాను" అని గ్రాంథికంగా కాకుండా "అవును, పూర్తిగా" నుంచి "అస్సలు కాదు" దాకా పెట్టొచ్చు. ఏం మార్చినా మార్చానని థీసిస్‌లో రాయండి, అది తప్పు ఒప్పుకోవడం కాదు, మెథడ్ అంటే అదే.

ఎథిక్స్ కాగితాలు

సెమిస్టర్ మొదలైన వెంటనే పెట్టండి, ఎథిక్స్ కమిటీ కూర్చుని ఒప్పుకునేదాకా మీరు ఎవర్నీ అడగడానికి లేదు. ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) 2017 మార్గదర్శకాలు ఒకసారి తిరగేయండి. కన్సెంట్ ఫారం తెలుగులో ఉండాలి, ఎప్పుడైనా మధ్యలో లేచి వెళ్లిపోవచ్చు అని అందులో స్పష్టంగా రాయాలి, పేరు, రోల్ నంబర్ అడక్కూడదు.

ఇక్కడ అందరూ పడే గుంట ఒకటుంది. తిరుపతి నిండా ఇంటర్ హాస్టళ్లు, పిల్లలు వందల్లో ఒకేచోట దొరుకుతారు, సులువు అనిపిస్తుంది. కానీ వాళ్లకి 18 నిండలేదు. పిల్లల ఒప్పుదలతో పాటు తల్లిదండ్రుల సంతకం కావాలి, ప్రిన్సిపాల్ సంతకం దాని బదులు చెల్లదు. మదనపల్లెలో ఒకరు, నగరిలో ఒకరు ఉండే తల్లిదండ్రుల సంతకాలు ఎక్కడ తెస్తారు? డిగ్రీ ఫస్టియర్లో కూడా 17 ఏళ్ల వాళ్లుంటారు, అందుకే నేను సెకండియర్, ఫైనలియర్ వాళ్లని మాత్రమే తీసుకున్నా.

పీహెచ్‌క్యూ-9 వాడితే ఇంకో బాధ్యత మీ మీద పడుతుంది. తొమ్మిదో ప్రశ్న చావు ఆలోచనల గురించి. ఎవరైనా అక్కడ టిక్ పెడితే మీరేం చేస్తారు? పేరు లేని ఫారం కాబట్టి తర్వాత వెతికి పట్టుకోలేరు. అది ముందే తేల్చుకుని కమిటీకి రాసివ్వాలి. కనీసం ప్రతి ఫారం చివరా ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబర్ 14416 ఉండాలి, పగలూ రాత్రీ పనిచేస్తుంది, డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులో మాట్లాడొచ్చు. గైడ్‌తో మాట్లాడి, ఫారాలు నింపించే రోజు కౌన్సెలర్ ఒకరు అక్కడే ఉండేలా చూసుకుంటే ఇంకా మంచిది. అంత ఏర్పాటు చేయలేమనుకుంటే ఆ స్కేల్ వదిలేయండి, సిగ్గేం కాదు.

ఎంతమంది కావాలి

"సీనియర్ వంద తీశాడు, నేనూ వంద" అనేది జవాబు కాదు. జీపవర్ అని ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. రెండు విషయాల మధ్య 0.3 మోతాదు సంబంధం (కోరిలేషన్) ఉందనుకుని, దాన్ని పట్టుకునే అవకాశం 80 శాతం ఉండాలి అంటే సుమారు 84 మంది చాలు. రెండు గుంపుల సగటులు పోల్చాలంటే, తేడా మధ్యస్థంగా ఉందనుకుంటే ఒక్కో గుంపుకి 64 మంది, మొత్తం 128. సగం నింపి పారేసేవాళ్లు, ఒకే వరసలో గీత కొట్టేసేవాళ్లు ఉంటారు కాబట్టి పైన ఇంకో పదిహేను శాతం కలుపుకోండి. ఈ లెక్క సినాప్సిస్‌లోనే, అంటే ముందు ఇచ్చే ప్రాజెక్టు ప్లాన్‌లోనే, రాసేస్తే తర్వాత "ఇంతమందే ఎందుకు" అనే ప్రశ్నకి చెమట పట్టదు. ఏం తేలుతుందనే అంచనాలు కూడా ముందే రాసి ఓఎస్ఎఫ్ (ఓపెన్ సైన్స్ ఫ్రేమ్‌వర్క్) సైట్లో తేదీతో పెట్టుకోవచ్చు, ఫలితం చూశాక మాట మార్చే బుద్ధి పుట్టదు.

ఫారాలు నింపించడం

మన ఊరి కేలెండర్ తెలియకుండా టైంటేబుల్ వేసుకోకండి. సెప్టెంబర్, అక్టోబర్లలో బ్రహ్మోత్సవాలు, దసరా సెలవులు, బస్సుల్లో కాలు పెట్టడానికి ఉండదు, పిల్లలు ఊళ్లకు పోతారు. జనవరిలో సంక్రాంతికి ముందూ వెనకా కలిపి రెండు వారాలు మర్చిపోండి. మార్చి వచ్చిందంటే పరీక్షల టెన్షన్, అప్పుడు నింపించిన ఒత్తిడి స్కేల్ కొలిచేది పరీక్షల్నే. నాకు దొరికిన మంచి సమయం నవంబర్ చివరి నుంచి జనవరి మొదటివారం దాకా, మళ్లీ ఫిబ్రవరి.

గూగుల్ ఫారం వాట్సాప్‌లో వదిలేస్తే రెండు రోజుల్లో నిండిపోతుంది, ఎవరు నింపారో దేవుడికే ఎరుక. నేను కాగితమే వాడా. సాయంత్రం ఆరున్నరకి, టిఫినుకీ రాత్రి భోజనానికీ మధ్యలో హాస్టల్‌కి వెళ్లేవాణ్ని. అమ్మాయిల హాస్టల్‌కి నాతో చదివే అమ్మాయి వెళ్లేది, ఆమె ప్రాజెక్టుకి అబ్బాయిల హాస్టళ్ల వంతు నేను చూసేవాణ్ని, ఇద్దరికీ పని సగం అయింది. వార్డెన్‌కి కాలేజీ లెటర్ చూపించి, కమిటీ అనుమతి కాపీ ఒకటి ఆమె దగ్గరే వదలాలి. ఒక హాస్టల్లో వార్డెనమ్మ మంచితనం కొద్దీ "అందరూ బుద్ధిగా రాయండి, నేను చూస్తా" అని పిల్లల వెనక నిలబడింది. ఆమె ముందు ఎవడు ఫోన్ రెండు గంటలు చూస్తానని రాస్తాడు? ఆ రోజు ఫారాలు పక్కన పెట్టేశా. మర్యాదగా ఆమెని "మేడమ్, ఒక పది నిమిషాలు బయట ఉంటారా" అని అడగడం నేర్చుకోండి.

లెక్కలు

లెక్కలు చేసే ఎస్పీఎస్ఎస్ సాఫ్ట్‌వేర్ కొనక్కర్లేదు. జామోవి, జాస్ప్ రెండూ ఉచితం, మామూలు ల్యాప్‌టాప్ మీద నడుస్తాయి. ఫారాల్లో ఉన్నది ఉన్నట్టు ఎక్సెల్లో ఎక్కించి ఆ ఫైలుకి తాళం వేసినట్టు పక్కన పెట్టండి, రివర్స్ స్కోరింగ్ (వ్యతిరేక వాక్యాల మార్కుల్ని తిప్పి వేయడం) అంతా కాపీలోనే చేయండి. ఒరిజినల్‌లో చేసి, చేశానో లేదో మర్చిపోయి రెండోసారి కూడా తిప్పేసిన మహానుభావుడు ఒకడున్నాడు, వాడి మార్కులన్నీ మొదటికొచ్చాయి.

సంబంధం కనబడితే కారణం దొరికినట్టు రాయకండి. ఫోన్ చూడటం వల్ల నిద్ర పట్టట్లేదో, నిద్ర పట్టక ఫోన్ చూస్తున్నారో నా డేటా చెప్పలేదు, అదే మాట రాశా. ఏ సంబంధమూ కనబడకపోయినా భయపడొద్దు, లెక్కల్ని పిండి పిండి ఏదో ఒకటి రాబట్టొద్దు. 2015లో ప్రపంచవ్యాప్తంగా పరిశోధకులు కలిసి సైకాలజీలో అచ్చయిన 100 అధ్యయనాలను మళ్లీ చేసి చూస్తే 36 శాతంలోనే ఫలితం మళ్లీ నిలబడింది. పెద్దపెద్ద వాళ్ల సంగతే అది.

రాయడం, వైవా

మెథడ్ చాప్టర్‌తో మొదలుపెట్టండి, చేసిన పని కాబట్టి చేయి ఆగదు. ఇంట్రడక్షన్ చివర్లో రాయండి. ఫార్మాట్ ఏపీఏ (అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్) ఏడో ఎడిషన్ అడుగుతారు. యూజీసీ 2018 నిబంధనల్లో 10 శాతం దాకా వేరేవాళ్ల రాతలతో పోలిక ఉంటే శిక్ష లేదు గానీ మీ కాలేజీ ఇంకా తక్కువ అడగొచ్చు. బైండింగ్‌కి చివరి రోజు పోతే షాపు దగ్గర మీలాంటి వాళ్లే నలభై మంది ఉంటారు, నాలుగు రోజుల ముందే పని ముగించుకోండి.

వైవాలో నన్ను అడిగినవి మూడే: ఈ స్కేలే ఎందుకు, ఈ మనుషులే ఎందుకు, మళ్లీ చేస్తే ఏం మారుస్తావు. మూడోదానికి గర్వం కథ చెప్పా. ఎక్స్‌టర్నల్ సార్ నవ్వి, అప్పటిదాకా తిప్పుతున్న పేజీలు మూసి, మిగతా టైమంతా ఆ ఒక్క వాక్యం మీదే మాట్లాడాడు.

అయ్యాక ఇంకో పనుంది. ఫారాలు ఎన్నాళ్లు దాచాలో కమిటీకి రాసిచ్చారు కదా, అన్నాళ్లూ తాళం వేసిన బీరువాలో ఉంచి తర్వాత చింపేయండి, పొట్లాలు కట్టే కొట్టుకి పోకూడదు. ఏం తేలిందో తెలుగులో ఒక పేజీ రాసి హాస్టళ్లకి ఇచ్చి రండి. నేనిచ్చిన పేజీని ఒక వార్డెనమ్మ నోటీసు బోర్డులో మెస్ మెనూ పక్కన అంటించింది, మళ్లీ నేను వెళ్లినప్పుడు దాని కింద ఎవరో పెన్నుతో "అన్నా, వైఫై రాత్రి పదకొండుకి ఆపమని నువ్వే చెప్పావా" అని రాసి ఉంది.